గూగుల్ స్కాలర్ ప్రొఫైల్: క్యాన్సర్ ఇమ్యునాలజీ పేపర్లు వెతకడానికి భేష్, మనిషిని తూచడానికి చాలదు

పరిశోధనా పత్రాలు వెతికిపెట్టే గూగుల్ స్కాలర్‌లో సైంటిస్టు పేరు కొట్టగానే పేపర్లన్నీ ఒకచోట కనిపిస్తాయి. పక్కనే మూడు అంకెలు: మొత్తం సైటేషన్లు (ఇతర పేపర్లు ఆ పేపర్లను ఎన్నిసార్లు ప్రస్తావించాయో ఆ లెక్క), హెచ్-ఇండెక్స్, ఐ10-ఇండెక్స్. డబ్బు కట్టక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు. పీహెచ్‌డీకి గైడును వెతుక్కునే పిల్లలు మొదట తెరిచేది గూగుల్ స్కాలర్ ప్రొఫైలే. ఆ అలవాటు మంచిదే గానీ, చాలామంది ఆ మూడు అంకెల దగ్గరే ఆగిపోతున్నారు.

ముందు ఆ లెక్క తెలియాలి. ఎన్ని పేపర్లకు కనీసం అన్నేసి సైటేషన్లున్నాయో, ఆ అత్యధిక సంఖ్యే హెచ్-ఇండెక్స్. ఒకరి అయిదు పేపర్లకు వరుసగా 40, 12, 5, 3, 1 సైటేషన్లు ఉన్నాయనుకోండి. మూడో పేపరుకు కనీసం మూడున్నాయి, నాలుగోదానికి నాలుగు లేవు. కాబట్టి హెచ్-ఇండెక్స్ 3. పదీ అంతకు మించీ వచ్చినవి రెండే, ఐ10 విలువ 2. ఆ 40 రేపు 4,000 అయినా హెచ్ మాత్రం 3 దగ్గరే కూర్చుంటుంది. క్యాన్సర్ ఇమ్యునాలజీలా (క్యాన్సర్‌కూ రోగనిరోధక వ్యవస్థకూ ఉన్న సంబంధాన్ని చదివే శాస్త్రం) ఒక్క పేపరుతో దారి మళ్లిన రంగానికి ఈ కొలత ఎంత పొట్టిదో ఇక్కడే తెలిసిపోతుంది.

ఈ రంగంలో పేరున్న అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ అలిసన్ బృందం 1996లో సైన్స్ పత్రికలో వేసిన పేపరునే తీసుకోండి. రచయితలు ముగ్గురు: లీచ్, క్రమెల్, అలిసన్. నిడివి మూడు పేజీలు. టీ కణాలకు (రోగనిరోధక కణాలు) బ్రేకు వేసే సీటీఎల్‌ఏ-4 అనే ప్రోటీన్‌ను యాంటీబాడీతో అడ్డుకుంటే ఎలుకల్లో కణితులు కరిగాయని చూపించారు. ఆ ఆలోచన మీద నిలబడ్డ ఇపిలిముమాబ్ అనే మందుకు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి దొరికింది 2011లో, అంటే 15 ఏళ్లకు. మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) రోగుల మీద ఆ మందు ట్రయల్ ఫలితాలు 2010లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. సైటేషన్లలో ఆ పేపరు 1996 నాటిదాన్ని ఎప్పుడో దాటేసింది. దాని రచయితల్లో అలిసన్ లేరు. ట్రయల్ పేపర్లో ముప్పై మంది ఉంటే ముప్పై మంది ఖాతాల్లోనూ సైటేషన్లు పూర్తిగా పడతాయి. బీజం వేసిందెవరో, పేషెంట్లను చేర్చిందెవరో ప్రొఫైల్ చెప్పదు.

దీనికి కొంత విరుగుడుంది. పేపరు శీర్షిక మీద నొక్కితే రచయితల వరుస, ఏడాదివారీ సైటేషన్ల గ్రాఫ్ తెరుచుకుంటాయి. జాబితాలో పొడవైన రచయితల పేర్లు చుక్కలతో తెగిపోతాయి కాబట్టి ఈ నొక్కుడు తప్పదు. మన రంగంలో ల్యాబ్ పెద్ద పేరు సాధారణంగా చివర ఉంటుంది, బెంచ్ మీద పని చేసినవారిది మొదట.

ఈ సర్వీసులో నిజంగా మెచ్చుకోవాల్సింది 'సైటెడ్ బై' లింకు, అంటే ఒక పేపరును ప్రస్తావించిన తర్వాతి పేపర్ల జాబితా. జపాన్ శాస్త్రవేత్త తసుకు హోంజో బృందం టీ కణాలకు మరో బ్రేకైన పీడీ-1 ప్రోటీన్‌ను కనుగొన్న 1992 నాటి ఎంబో జర్నల్ పేపరు శీర్షికలో క్యాన్సర్ అన్న మాటే లేదు, ఉన్నది కణమరణం గురించి. క్యాన్సర్ ఇమ్యునాలజీ అని వెతికితే అది సులువుగా చేతికి రాదు. పీడీ-1 పేరుతో ఆ పేపరు పట్టుకుని, 'సైటెడ్ బై' నొక్కి, పైన ఉన్న 'సైటింగ్ ఆర్టికల్స్‌లో వెతుకు' గడిలో టిక్ పెట్టి, ట్యూమర్ అని కొట్టి, ఎడమవైపు సంవత్సరాలు బిగించండి. ఎలుకల లూపస్ (శరీరం తన మీదే దాడి చేసుకునే జబ్బు) నుంచి కణితుల దాకా ఆ అణువు నడిచిన దారి కళ్ల ముందుకొస్తుంది. ఇంత తేలిగ్గా, ఉచితంగా ఈ పని చేసిపెట్టేవి తక్కువ.

లోపాలు చిన్నవేం కావు. తెలుగు పేర్లతో ఇబ్బంది ఎక్కువ: ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తి పేరు, రావు, రెడ్డి చివరికొచ్చి ఇంటిపేరైపోవడం. అందుకే ఒకే పొడి అక్షరాలున్న వేరే రావు గారి పేపర్లు మన ఖాతాలో దూరతాయి. సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపి, ఈమెయిల్‌కు పంపమని పెట్టుకోండి. బయోఆర్కైవ్ సైట్‌లో ముందే పెట్టిన ప్రీప్రింట్ (సమీక్షకు ముందటి ప్రతి), జర్నల్ కాపీ శీర్షికలు మారితే రెండు వరుసలవుతాయి. రెంటికీ టిక్ పెట్టి 'మెర్జ్' నొక్కాలి. అంకె పక్కన నక్షత్రం గుర్తుంటే, ఆ లెక్కలో వేరే పేపరు సైటేషన్లు కలిసి ఉండొచ్చు. కాన్ఫరెన్స్ అబ్‌స్ట్రాక్టులు కూడా పేపర్ల వరుసలో చేరి జాబితాను ఉబ్బిస్తాయి. సొంత సైటేషన్లను తీసేసి చూసే వీలే లేదు. స్పెయిన్ పరిశోధకులు కల్పిత పత్రాలు యూనివర్సిటీ సైట్‌లో పెట్టి సైటేషన్లు పెంచి చూపించారు కూడా.

సొంత సైటేషన్లు తీసి చూడాలంటే స్కోపస్ అనే పేపర్ల డేటాబేస్ మేలు, కానీ పూర్తి వాడకానికి చందా కావాలి. సాటి పేపర్లతో పోల్చడానికి అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధనా సంస్థ ఎన్‌ఐహెచ్ వారి ఐసైట్ ఉచితం. అందులో 1.0 అంటే ఆ రంగంలో ఎన్‌ఐహెచ్ నిధులందుకున్న పేపర్ల మధ్యస్థం. రివ్యూ వ్యాసాలు (ఇతరుల పనిని సమీక్షించేవి) తెచ్చే సైటేషన్ల బరువు మాత్రం ఎక్కడైనా మీరే విడదీసుకోవాలి.

వెతుకులాటకు అయిదులో నాలుగున్నర, మనుషుల అంచనాకు రెండు. గైడు కోసం చూసేవాళ్లు జాబితాను సంవత్సరం వారీగా పెట్టి, పైనున్న పది పేపర్లలో మొదటి పేరు ఎవరిదో చూడండి. విద్యార్థుల పేర్లు మారుతూ మొదట కనబడుతుంటే ఆ ల్యాబ్‌కు మెయిల్ రాయండి.