అలారం పెట్టాలా, పాత అలవాటుకు ముడిపెట్టాలా?

కొత్త అలవాటు మొదలుపెట్టడానికి రెండు దారులున్నాయి. ఒకటి, ఉదయం 6 గంటలకు ఫోన్‌లో అలారం. రెండోది, రోజూ ఎలాగూ చేసే పనికి దాన్ని తగిలించడం. పళ్లు తోముకోగానే పది నిమిషాలు వ్యాయామం, అలా.

అలారం పెట్టడం తేలికే. కానీ రాత్రి పడుకోవడం ఆలస్యమైతే చెయ్యి దానంతటదే స్నూజ్ మీదకు పోతుంది. (నాది రెండు వారాలు కూడా నిలవలేదు.)

ముడిపెట్టే పద్ధతిలో ఎవరూ గుర్తు చేయక్కర్లేదు, ముందు చేసే పనే గుర్తు చేస్తుంది. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో 96 మంది ఇలాగే రోజూ ఎదురయ్యే ఒక సందర్భానికి కొత్త పనిని ముడిపెట్టుకున్నారు. అది అప్రయత్నంగా జరిగే స్థితికి రావడానికి పట్టే సమయం మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా ఉంటుందని అంచనా వేశారు. మధ్యస్థ విలువ 66 రోజులు. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద తేడా రాలేదు. 21 రోజుల్లో ఏదైనా అలవాటైపోతుందనే లెక్క నమ్మి టెన్షన్ పడేవాళ్లకు ఇది ఊరటే.

ప్రయాణాల్లో మాత్రం పాత అలవాటు చెదిరితే కొత్తదీ జారిపోతుంది. అయినా నా ఓటు దీనికే. వేళ తప్పకూడని మందులకు మాత్రం అలారం ఉంచుకున్నాను.