కుమ్రోవెత్స్: టిటో పుట్టిన ఊరు, పక్కనే సుత్లా ఏరు

క్రొయేషియా అనగానే మనవాళ్లు డుబ్రోవ్నిక్, స్ప్లిట్, ప్లిట్విట్సె బుక్ చేసేసుకుంటారు, బానే ఉంటాయి, కానీ జాగ్రెబ్‌లో ఒక రోజు మిగిలితే కుమ్రోవెత్స్ వెళ్లండని గట్టిగా చెప్తాను. కార్లో గంట ప్రయాణం. స్కూల్లో అలీనోద్యమం పాఠంలో నెహ్రూ, నాజర్‌లతో పాటు చదువుకున్నామే యుగోస్లావియా నాయకుడు టిటో, ఆయన 1892లో పుట్టింది ఈ పల్లెలోనే.

నాకు మాత్రం అన్నిటికంటే ఊరి పక్కనే పారే సుత్లా ఏరే నచ్చింది. మన పెద్ద పంట కాలవంత ఉంటుందేమో, అవతలి గట్టు స్లొవేనియా. ఆస్ట్రియా-హంగరీ రోజుల్లో ఇటువైపు హంగరీ కిరీటం కింద, అటువైపు ఆస్ట్రియా కింద ఉండేది, యుగోస్లావియాలో రెండూ ఒకే దేశం, 1991లో మళ్లీ రెండు దేశాలు, 2023 జనవరి 1న క్రొయేషియా షెంగెన్‌లో (సరిహద్దుల్లో చెకింగ్ లేకుండా తిరిగే యూరప్ దేశాల కూటమి) చేరాక చెకింగ్ ఎత్తేశారు, అదే ఏడాది అక్టోబర్‌లో స్లొవేనియా తాత్కాలికమని మళ్లీ పెట్టింది (అందుకే పాస్‌పోర్ట్ దగ్గర ఉంచుకోండి). జనాలు మాత్రం ఎప్పుడూ అటూ ఇటూ వియ్యాలందుకుంటూనే ఉన్నారు. టిటో వాళ్లమ్మ అవతలి వైపు పోద్‌స్రెద అనే ఊరి ఆడపడుచు, చిన్నప్పుడు ఆయన కొన్నాళ్లు అక్కడే తాతగారింట్లో పెరిగాడు.

ఊరి పాత భాగాన్నే మ్యూజియం చేశారు, పేరు స్తారో సెలో. ఇళ్లు వేరే చోట నుంచి తెచ్చి పెట్టినవి కావు, ఎక్కడివక్కడే బాగు చేశారు. కమ్మరి కొలిమి, కుండలు చేసే ఇల్లు, పెళ్లి సంబరం చూపించే ఇల్లు అన్నీ లోపలికెళ్లి చూడొచ్చు. 1860లో కట్టిన టిటో ఇంటి ముందు శిల్పి ఆగుస్టించిచ్ చేసిన ఆయన విగ్రహం, పొడుగు కోటు, వంచిన తల, చేతులు వెనక్కి. 2004 డిసెంబర్‌లో ఎవరో బాంబు పెడితే తల ఊడిపోయింది, తర్వాత బాగు చేశారు. కొంచెం అవతల 1981 నాటి కమ్యూనిస్టు పార్టీ స్కూల్ బిల్డింగ్ పాడుబడి ఉంది, అంత పెద్ద కట్టడం అలా వదిలేయడం చూస్తే బాధేసింది.

స్టే విషయానికొస్తే జాగ్రెబ్ నుంచి పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేయొచ్చు, కానీ నా మాట విని ఒక రాత్రి ఆ కొండల్లోనే ఉండండి. పిల్లలుంటే దగ్గర్లోని తుహెల్ వేడినీటి కొలనుల వైపు హోటల్ బెస్ట్, లేదంటే పల్లె హోమ్‌స్టే. మేము హోమ్‌స్టేలో దిగాం, ఆ ఇంటావిడ ష్ట్రుక్లి అనే అక్కడి వంటకం ఎలా చేస్తారో చూపించింది, పిండిని టేబుల్ మీద గుడ్డ పరిచి కాగితంలా లాగి, తాజా చీజ్ వేసి చుట్టి, కత్తితో కాదు, ప్లేటు అంచుతో నొక్కి కోసి, పైన మీగడ పోసి ఓవెన్‌లో పెట్టింది. శాకాహారులకి ఇంతకంటే మంచి భోజనం ఆ చుట్టుపక్కల దొరకదు. ఒక రెస్టారెంట్‌లో మాత్రం ఆర్డర్ చేశాక చాలాసేపు కూర్చోబెట్టారు, అడిగితే సరిగ్గా జవాబు కూడా చెప్పలేదు.

కారు రెంట్‌కి తీసుకుంటేనే హాయి, బస్సులు నమ్ముకుంటే రోజంతా టైములు చూసుకోవడమే. మే 25 (యుగోస్లావియాలో టిటో పుట్టినరోజుగా జరిపిన రోజు) దగ్గర్లో టిటో అభిమానులు పాత యుగోస్లావియా నలుమూలల నుంచి వస్తారు, ఆ సందడి కావాలంటే అప్పుడెళ్లండి, ప్రశాంతంగా చూడాలంటే సెప్టెంబర్‌లో వెళ్లండి.