కొయొఆకాన్‌లో రెండు ఇళ్లు, ఒక తెగని తగవు

మెక్సికో నగరంలో మేము గడిపిన ఆరు రోజుల్లో అయిదింటి గురించి ఫిర్యాదు లేదు. మెట్రో టికెట్టు 5 పెసోలు, రోజుకు 780 పెసోల గది శుభ్రంగా ఉంది, భోజనం బావగారికి కూడా నచ్చింది. నేను ఇది రాయడానికి కారణం ఆరో రోజున ఒక నడక యాత్రకు మనిషికి 850 చొప్పున మేమిద్దరం చెల్లించిన 1,700 పెసోలు.

కొయొఆకాన్ పేటలో విప్లవకారుల ఇళ్లన్నీ చూపిస్తామన్నారు. తీరా వెళ్తే చిత్రకారిణి ఫ్రీదా కాలో నీలి ఇంటి బయట, ఎండలో గోడ పక్కన నిలబెట్టి, నలభై నిమిషాలు ఆమెకూ, స్టాలిన్ దేశం నుంచి వెళ్లగొట్టిన రష్యా విప్లవ నేత ట్రాట్‌స్కీకీ మధ్య కొద్దికాలం నడిచిన ప్రేమ వ్యవహారమే చెప్పారు. స్టాలిన్‌తో ఆయన విభేదం ఏమిటని నేను అడిగితే, కుర్చీ కోసం ఇద్దరి కొట్లాట అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. నాకు చాలా బాధ కలిగింది. స్టాలిన్ అన్నట్టు ఒకే దేశంలో సోషలిజం నిలబడుతుందా, లేక ట్రాట్‌స్కీ అన్నట్టు విప్లవం ఇతర దేశాలకు విస్తరించకపోతే కుళ్లిపోతుందా అన్న ప్రశ్న మీద పార్టీలు చీలిపోయాయి, మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. దాన్ని కుర్చీల కొట్లాట అనడం ఇద్దరి అభిమానులకూ అవమానమే. నలభై ఏళ్లుగా కమ్యూనిస్టు పార్టీలో ఉన్న బావగారు స్టాలిన్‌ను గౌరవించే మనిషి; ఆ ఒక్క విషయంలో మాత్రం ఆయనా నేనూ ఏకమయ్యాం.

నీలి ఇంటికి ముందుగానే ఆన్‌లైన్‌లో టికెట్లు కొనుక్కున్నాం కాబట్టి, ఆ బృందాన్ని వదిలేసి లోపలికి వెళ్లాం. ఫ్రీదా మంచం కాళ్ల దిక్కున మార్క్స్, ఎంగెల్స్, లెనిన్, స్టాలిన్, మావోల పటాలు వరుసగా ఉన్నాయి. బావగారి ముఖం వెలిగింది. 1954లో చనిపోయేనాటికి ఆమె స్టాలిన్ చిత్రం గీస్తూ అసంపూర్తిగా వదిలిందని కూడా ఆయనే నాకు గుర్తుచేశారు. ఇదే ఇంట్లో 1937 నుంచి రెండేళ్లు ట్రాట్‌స్కీ తలదాచుకున్నాడనీ, ఆ ఏడాది ఏప్రిల్‌లో అమెరికా తత్వవేత్త జాన్ డ్యూయీ అధ్యక్షతన ఒక విచారణ సంఘం ఇక్కడే కూర్చుని, స్టాలిన్ తన ప్రత్యర్థుల మీద నడిపిన మాస్కో విచారణల్లో ఆయన మీద మోపిన నేరాలను పరిశీలించి, చివరికి ఆయన నిర్దోషి అని ప్రకటించిందనీ నేను చెప్పాను. “ఒకే ఇల్లు ఇద్దరికీ చోటిచ్చిందన్నమాట,” అన్నారు బావగారు.

ట్రాట్‌స్కీ చివరి ఇల్లు అక్కడికి నడిచి వెళ్లేంత దగ్గరే. ఎత్తైన గోడలు, కాపలా బురుజులు, ఇటుకలతో మూసేసిన కిటికీలు చూస్తే ఇల్లనడానికి మనసొప్పదు. పడకగది గోడల్లో, ట్రాట్‌స్కీ ప్రాణాలతో బయటపడ్డ 1940 మే 24 నాటి దాడి తూటాల రంధ్రాలు అలాగే ఉన్నాయి. ఆ తెల్లవారుజామున పద్నాలుగేళ్ల మనవడి పాదానికి తూటా తగిలింది. 1990లో ఈ ఇంటిని మ్యూజియంగా తెరిపించింది ఆ మనవడే. దాడికి నాయకత్వం వహించింది గొప్ప కుడ్యచిత్రకారుడు, స్పెయిన్‌లో ఫాసిస్టుల మీద పోరాడిన కమ్యూనిస్టు, సికేరోస్. ఆయన చిత్రాలంటే బావగారికి ప్రాణం. ఆ గోడ ముందు ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పెరట్లో కుందేళ్ల గూళ్లు, సుత్తీకొడవలి చెక్కిన ట్రాట్‌స్కీ సమాధి రాయి ఉన్నాయి. ఆ రాయి దగ్గరే మా వాదన మళ్లీ మొదలైంది.

“1921లో తిరగబడ్డ క్రోన్‌స్టాట్ నావికుల మీదికి ఎర్రసైన్యాన్ని పంపినప్పుడు యుద్ధ కమిసార్, అంటే యుద్ధ మంత్రి, ఈయనే గదా బావా, వాళ్ల సమాధులకు ఎవరు పూలు పెట్టాలి?” అన్నారు బావగారు. దానికి నా దగ్గర సాకు లేదు, వెతకలేదు కూడా. స్టాలిన్‌ను ప్రధాన కార్యదర్శి పదవి నుంచి తప్పించమని లెనిన్ 1923 జనవరిలో రాయించిన మాటలు నేను చెప్తే, అదే పత్రంలో ట్రాట్‌స్కీ అతివిశ్వాసాన్ని కూడా లెనిన్ తప్పుపట్టాడని ఆయన చెప్పారు, అది నిజమే. స్టాలిన్‌గ్రాడ్ గెలవకపోతే ఇవాళ మనం ఇలా వాదించుకునేవాళ్లమా అని ఆయన అడిగితే, ఆ యుద్ధానికి ముందే లెనిన్ సహచరులైన జినోవియెవ్‌నూ, కామెనెవ్‌నూ, బుఖారిన్‌నూ కాల్చి చంపవలసిన అవసరం ఏమొచ్చిందని నేను అడిగాను. మూసేసే వేళయిందని కాపలా మనిషి వచ్చి చెప్పేదాకా మాకు తెలియలేదు.

వెళ్లేవారికి నా సలహా ఇది: ఏ నడక యాత్రకూ డబ్బు కట్టవద్దు. సోమవారం రెండు ఇళ్లూ మూసి ఉంటాయి. ముందు నీలి ఇల్లు, తర్వాత ట్రాట్‌స్కీ ఇల్లు చూడండి; వరుస తప్పితే ఆ పటాల ముందు నిలబడినప్పుడు మనసు మరోలా ఉంటుంది. మీతో ఏకీభవించని మనిషిని తప్పక వెంట తీసుకెళ్లండి.

తిరుగు మెట్రోలో బావగారు ఒక్క మాటా మాట్లాడలేదు. రాత్రి దీపం ఆర్పబోతూ, “ట్రాట్‌స్కీని మంచుగొడ్డలితో కొట్టి చంపిన మెర్కాదర్‌కు సోవియట్ యూనియన్ వీరుడన్న బిరుదు ఇచ్చింది నిజమేనా?” అని అడిగారు. ఇరవై ఏళ్ల శిక్ష ముగించుకుని 1960లో విడుదలయ్యాక ఇచ్చారని చెప్పాను. “అప్పటికి స్టాలిన్ పోయి ఏడేళ్లయింది గదా,” అన్నారు ఆయన. అది సమర్థనో, బాధో ఆ గొంతును బట్టి నాకు తెలియలేదు.