గచ్చిబౌలి నుంచి అమెడ్ దాకా: లోతు వెతుక్కుంటూ మూడు చోట్లు

బాలి ద్వీపంలోని అమెడ్‌లో 32 మీటర్ల లోతున తాడు చివరనున్న ప్లేటు ముట్టుకుని తాడు వెంట పైకొస్తున్నాను. పది మీటర్ల దగ్గర మా బావ ఎదురొచ్చాడు. పక్కనుంచి చేపల గుంపు పోతున్నా అటు చూడలేదు, చూపంతా నా ముఖం మీదే. పైకి తేలి, తాడు కట్టిన తేలే బోయా పట్టుకుని, మూడు సార్లు లోతుగా గాలి పీల్చి, మాస్క్ తీసి, బాగున్నానని సైగ చేశాను. అయినా మరో ముప్పై సెకన్లు కళ్లు తిప్పలేదు. సిలిండర్ లేకుండా ఒక్క ఊపిరితో లోతుకు దిగే ఫ్రీడైవింగ్ నేర్పే చోటుకి మార్కులు వేయాలంటే నేను ముందు చూసేది ఆ ముప్పై సెకన్లే. గది, భోజనం, నీటి రంగు ఆ తర్వాతే.

మొదలుపెట్టింది మాత్రం హైదరాబాద్‌లో, గచ్చిబౌలి వైపు ఒక 25 మీటర్ల ఈతకొలనులో. మొదటి రోజే లైఫ్‌గార్డ్ ఆపేశాడు. "సార్, దమ్ము బిగబట్టి మునిగే పని ఇక్కడ వద్దు" అన్నాడు. ఆయన అన్నది నూటికి నూరు పాళ్లు సరైన మాట. ఒకరు మునిగితే ఒకరు కాపలా ఉంటామని చెప్పి, సోలిపోయినవాణ్ని ఎలా పైకి తేవాలో ఆయన కళ్లముందే చేసి చూపించాకే ఒప్పుకున్నాడు. తెల్లవారుజామున ఐదున్నరకి ఒక లేన్ ఇచ్చాడు. అద్దె కాస్త ఎక్కువే, కానీ అంత జాగ్రత్తగల మనిషి గట్టున ఉంటే ఆ డబ్బు నాకు ఎక్కువనిపించలేదు.

నల్లగొండ వైపు మా ఊళ్లో ఎండిన సొరకాయ బుర్రలు నడుముకు కట్టుకుని బావిలో ఈత నేర్చుకున్నవాళ్లం. ఎవరు ఎక్కువసేపు మునిగి ఉంటారో పందెం వేసుకునేవాళ్లం. మునిగే ముందు గబగబా పది పదిహేను సార్లు గాలి పీల్చడమే మాకు తెలిసిన కిటుకు. అది ఎంత ప్రమాదమో నాకు ముప్పై నాలుగేళ్లు వచ్చాక తెలిసింది. ఊపిరి తీసుకోవాలన్న తపన ఆక్సిజన్ తగ్గడం వల్లకన్నా కార్బన్ డయాక్సైడ్ పెరగడం వల్లే ఎక్కువగా పుడుతుంది. గబగబా పీలిస్తే రక్తంలో ఆక్సిజన్ పెద్దగా పెరగదు, కార్బన్ డయాక్సైడ్ మాత్రం పడిపోతుంది. తపన ఆలస్యమవుతుంది, ఈలోపే స్పృహ పోతుంది. గజ ఈతగాళ్లను పిలిపించిన ప్రతి ఎండాకాలపు వార్త చదివినప్పుడూ ఆ బావి గుర్తొస్తుంది.

సముద్రంలో దీనికి ఒత్తిడి కూడా తోడవుతుంది. 30 మీటర్ల లోతున ఒత్తిడి పైనున్నదానికి నాలుగు రెట్లు, పది మీటర్ల దగ్గర రెండు రెట్లు. అంటే చివరి పది మీటర్లలోనే ఒత్తిడి సగానికి పడుతుంది, దాంతోపాటు ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ ఒత్తిడీ పడుతుంది. కింద హాయిగా ఉన్న మనిషి పైకి వచ్చేటప్పుడో, వచ్చి తల బయటపెట్టాకో సోలిపోయేది అందుకే. బావ నాకు ఎదురొచ్చేది అందుకే.

మొదటి సముద్రయాత్ర అండమాన్. హైదరాబాద్ నుంచి పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) విమానం, అక్కడి నుంచి ఓడలో హేవ్‌లాక్ దీవి. పాస్‌పోర్ట్, వీసా గొడవ లేదు. హోటళ్లలో సాంబారన్నం దొరుకుతుంది, నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి. గది శుభ్రంగానే ఉంది గానీ సీజన్ అద్దె గట్టిగా తగిలింది. మాకు కావాల్సిన లోతు కోసం పడవలో వెళ్లాల్సి రావడంతో రోజుకి రెండు మూడు డైవ్‌లకే సరిపోయింది.

నేను అక్కడ ఎంచుకున్న బడిలోనే తేడా కొట్టింది. 22 మీటర్ల నుంచి పైకొచ్చాను. తల ఊగుతోంది, చేతులు నా మాట వినడం లేదు. డైవర్లు దీన్ని సాంబా అంటారు, స్పృహ తప్పడానికి ఒక్క మెట్టు ముందు. శిక్షకుడు అప్పుడు ఇంకొకరి కాళ్లకు తొడిగే ఫిన్స్ సరిచేస్తున్నాడు. పక్క బోయా మీదున్న బావ ఒక్క ఊపులో వచ్చి నా గడ్డం నీటిపైన పట్టుకుని "ఊపిరి పీల్చు, పీల్చు" అని అరిచాడు. కొలనులో వందసార్లు చేసిన పని కాబట్టి ఆలోచించకుండా చేశాడు. ఆ శిక్షకుడు "ఫర్వాలేదు, ఇంకొకటి చేద్దాం" అన్నాడు. అలాంటిది జరిగాక ఆ రోజుకి మళ్లీ దిగకూడదు. పడవలో ఆక్సిజన్ సిలిండర్ కూడా లేదు. అప్పుడే పడవను ఒడ్డుకు తిప్పమన్నాను. అండమాన్‌కి మళ్లీ వెళ్తాను, అక్కడి సముద్రం తప్పేమీ లేదు. పడవెక్కే ముందు మాత్రం సిలిండర్ చూపించమని అడుగుతాను.

అమెడ్ బాలి ద్వీపం తూర్పు తీరంలో ఉంది. మేం సింగపూర్ మీదుగా వెళ్లాం. విమానాశ్రయం నుంచి కారులో మూడు గంటలు పట్టింది. టికెట్ ఖరీదెక్కువ, కానీ జెమెలుక్ బే ఎదురుగా తీసుకున్న ఇంటి గది హేవ్‌లాక్ అద్దెలో సగం కూడా కాలేదు. ఇల్లుగలావిడ డైవ్ అయ్యాకే టిఫిన్ పెట్టేది, కడుపు నిండా తిని దిగకూడదని ఆమెకు మేం చెప్పక్కర్లేకపోయింది. అన్నం, సోయా గింజలతో చేసే టెంపే, పక్కన మా ఆవకాయ. లోతు ఒడ్డుకు దగ్గరే, నల్లరాళ్ల మీంచి నడిచి, కాసేపు ఈదితే చాలు.

ఇక్కడి బడి మొదటి రోజే ఆక్సిజన్ పెట్టె తెరిచి చూపించింది. నన్ను తాడుకి కట్టే లాన్యార్డ్‌ను ప్రతి డైవ్‌కీ శిక్షకురాలు చేత్తో లాగి చూసేది. మునగడానికి నడుముకు కట్టుకునే బెల్ట్ బరువు రెండుసార్లు తగ్గించింది. పది మీటర్ల దగ్గర తేలకుండా మునగకుండా ఉండాలి, అంతకన్నా బరువైతే పైకొచ్చేటప్పుడు కాళ్లకు నరకం. ఒక ఉదయం హైదరాబాద్ దుమ్ము పుణ్యాన నా సైనస్ మూసుకుపోయింది. మాత్ర వేసుకుని దిగుతానన్నాను. ఒప్పుకోలేదు. మందు ప్రభావం నీళ్లలో తగ్గిపోతే పైకొచ్చేటప్పుడు గాలి లోపలే ఇరుక్కుంటుందని వివరించింది. ఆ రోజు డబ్బు కూడా తీసుకోలేదు.

నాకు అసలు కష్టం చెవుల దగ్గర, దిగేకొద్దీ బయటి ఒత్తిడికి సరిపడా వాటి లోపలికి గాలి పంపుతుండాలి. ముప్పై మీటర్లు దాటాక ఊపిరితిత్తులు నాలుగో వంతుకి కుంచించుకుపోయి, అక్కడి నుంచి గాలి పైకి రాదు. అంత లోతుకు చేరకముందే బుగ్గల్లో గాలి నింపుకుని, నాలుకతో కొంచెం కొంచెంగా చెవులకు పంపాలి, దీన్ని మౌత్‌ఫిల్ అంటారు. మధ్యలో ఒక్కసారి మింగినా అంతా పోయినట్టే. నాలుగు రోజులు 27 మీటర్ల దగ్గరే ఆగి తిరిగొచ్చాను. ఫ్రీడైవింగ్ సంస్థ ఐడా (AIDA) ఇచ్చే నాలుగో స్థాయి సర్టిఫికెట్‌కి కనీసం 32 మీటర్ల లోతు కావాలి, అదీకాక 3 నిమిషాల 30 సెకన్లు ఊపిరి బిగబట్టడం, కొలనులో ఒక్క ఊపిరితో నీటి కింద 70 మీటర్లు. చివరి రెండూ గచ్చిబౌలిలోనే సాధించి వెళ్లాను కాబట్టి అమెడ్‌లో డబ్బూ రోజులూ లోతుకే పెట్టగలిగాను. సముద్రం లేని ఊరివాళ్లకి నేనిచ్చే సలహా ఇదే: కొలనులో అయ్యేదంతా ఇక్కడే ముగించుకుని వెళ్లండి.

ఈజిప్ట్‌లోని దహబ్ ఎప్పుడని బావ అడుగుతున్నాడు. అక్కడి బ్లూ హోల్ అనే సముద్రపు గుంతలో 50 మీటర్లకు పైగా లోతున ఒక కమాను ఉంటుంది, ఒడ్డున కొండరాతికి అక్కడ పోయినవాళ్ల పేర్ల పలకలు ఉంటాయి. ఇంకో ఏడాది ఆగుదామన్నాను. వచ్చే ఆదివారం ఐదున్నరకి బావ స్పృహ తప్పినట్టు నటిస్తాడు. వెనక నుంచి తల, ముందు నుంచి గడ్డం పట్టి నోరు మూసి పైకి తేవాలి, మాస్క్ తీసి బుగ్గల మీద ఊదాలి, తట్టాలి, పేరు పెట్టి పిలవాలి. పోయినసారి నాకు మాస్క్ తీయడంలో ఆలస్యమైంది.