సన్‌స్క్రీనా, పొడుగు చేతుల చొక్కానా, గొడుగు నీడా: ఎండకు ఏది మేలు?

పోయినేడాది ఒకరోజు ముగ్గురు స్నేహితులం నీటి ఒడ్డున ఇసుకలో పెద్ద గొడుగు పాతుకుని దాని కింద దాదాపు నాలుగు గంటలు కూర్చున్నాం. సన్‌స్క్రీన్ ట్యూబ్ నా సంచిలోనే ఉంది. తీయబోతుంటే మావాడొకడు "గొడుగుంది కదరా, ఇంకా ఆ జిడ్డు దేనికి" అన్నాడు, నాకూ నిజమేననిపించి లోపల పెట్టేశాను. సాయంత్రానికి మెడ వెనక చెయ్యి ఆనిస్తే మంట. రాత్రి అద్దం ముందు చొక్కా విప్పి చూసుకుంటే, చొక్కా చేతులు ఎక్కడ ఆగాయో సరిగ్గా అక్కడ గీత గీసినట్టుంది, పైన మామూలు రంగు, కింద ఎర్రగా కమిలిన చర్మం. గొడుగు కాపాడలేదు, చొక్కా కాపాడింది. సంచిలో ఉండిపోయిన క్రీమ్ సంగతి సరేసరి.

ఆ గీత చూశాకే ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చదవడం మొదలుపెట్టాను. నా తీర్పు ముందే చెప్పేస్తాను: కప్పుకోగలిగిన చోట గుడ్డే మేలు, కప్పుకోలేని చోట క్రీమ్. నీడ ఆ రెండింటికీ తోడు మాత్రమే, అదొక్కటీ చాలదు.

ముందు నీడ సంగతి. నాకు జరిగింది నా ఒక్కడి దురదృష్టం కాదని తర్వాత తెలిసింది. 2017లో అమెరికాలో ఒక పరీక్ష ఫలితాలు వచ్చాయి. టెక్సాస్‌లో ఒక సరస్సు ఒడ్డున 81 మందిని రెండు జట్లుగా మూడున్నర గంటలు కూర్చోబెట్టారు, ఒక జట్టుకు బీచ్ గొడుగు ఇచ్చారు, రెండో జట్టుకు ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి క్రీమ్ ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) 100 ఉన్న క్రీమ్ ఇచ్చారు. గొడుగు జట్టులో 78 శాతం మందికి ఎక్కడో ఒకచోట చర్మం కమిలింది, క్రీమ్ జట్టులో 25 శాతం మందికి. క్రీమ్ గెలిచినట్టే, కానీ ఎస్‌పీఎఫ్ 100 రాసుకున్నా నలుగురిలో ఒకరు తప్పించుకోలేదన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి.

గొడుగు ఎందుకు ఓడిందంటే, చర్మాన్ని కమిలించే అతినీలలోహిత కిరణాలు (యూవీ) సూర్యుడి వైపు నుంచి మాత్రమే రావు. గాలిలో చెదిరి ఆకాశం మొత్తం నుంచి వస్తాయి, కింద ఇసుక నుంచి సుమారు 15 శాతం తిరిగి పైకి లేస్తాయి, తాజా మంచు అయితే 80 శాతం దాకా తిప్పి కొడుతుంది. అందుకని నీడలో కూర్చున్నప్పుడు సూర్యుడు కనిపిస్తున్నాడా అని కాదు, ఆకాశం ఎంత కనిపిస్తోంది అని చూసుకోవాలి. దట్టమైన చెట్ల గుంపు కింద తలెత్తితే ఆకులే కనిపిస్తాయి, అది మంచి నీడ. ఒంటరి గొడుగు కింద నాలుగు పక్కలా ఆకాశమే. నేను కూర్చున్నది అలాంటిదే.

ఇక అసలు పోటీ గుడ్డకీ క్రీముకీ.

క్రీమ్ డబ్బా మీద ఎస్‌పీఎఫ్ 50 అని ఉంటే మన ఒంటి మీద 50 పనిచేస్తోందనుకుంటాం. ఆ అంకె ల్యాబులో చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల మందాన రాసి కొలిచింది. ఎవరూ అంత రాయరు. మామూలుగా మనుషులు అందులో పావు నుంచి సగం వరకే రాస్తారు, కాబట్టి రక్షణ కూడా ఆ మేరకు పడిపోతుంది. ముఖానికీ మెడకీ ఎంత కావాలంటే చూపుడు వేలు, మధ్య వేలు రెండింటి మీదా మొదలు నుంచి కొసదాకా రెండు గీతలుగా పిండాలి. ఒకసారి చేసి చూడండి, "ఇంతా!" అనిపిస్తుంది. ఒళ్లంతా రాయాలంటే 30 మిల్లీలీటర్ల దాకా పడుతుంది. నా 50 మిల్లీలీటర్ల ట్యూబ్ ఎనిమిది నెలలు వచ్చిందని ఒకప్పుడు గొప్పగా చెప్పుకునేవాణ్ణి, ముఖానికి రోజుకోసారి సరిగ్గా రాసినా అది రెండు నెలలు దాటి రాకూడదు. ఎనిమిది నెలలు నేను రాసింది వాసన మాత్రమే.

పైగా రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి, చెమట పట్టి తుడుచుకుంటే మళ్లీ, నీళ్లలోంచి బయటికొస్తే మళ్లీ. చెవి కొసలు, పాపిట, మెడ వెనక, పాదాల పైభాగం అనేవి ఉంటాయని అందరం మర్చిపోతాం. క్రీములో లోపం లేదు, రాసే చేతిలోనే ఉంది.

గుడ్డకు ఈ బాధ లేదు. పొద్దున వేసుకుంటే సాయంత్రం దాకా అదే మందం. చెమటకి కరిగిపోదు, కళ్లలోకి కారి మండదు, రెండు గంటలకోసారి గుర్తు చేయక్కర్లేదు. గుడ్డకు కూడా ఒక అంకె ఉంది, యూపీఎఫ్ అంటారు. యూపీఎఫ్ 50 అంటే యాభై వంతుల్లో ఒక వంతు, అంటే 2 శాతం కిరణాలే లోపలికి దిగుతాయి. అయితే ప్రతి చొక్కా అలాంటిది కాదు, ఇక్కడే చాలామంది పొరబడతారు. పల్చటి తెల్ల కాటన్ టీషర్ట్ యూపీఎఫ్ 5, 7 దగ్గర ఉంటుంది, తడిస్తే ఇంకా తగ్గుతుంది. జీన్స్ గుడ్డ లాంటి దళసరి నేత, ముదురు రంగు, పాలియెస్టర్ చాలా మెరుగు. లేబుల్ లేకపోతే గుడ్డని లైటుకి అడ్డంపెట్టి చూడండి. వెనక వేళ్లు స్పష్టంగా కనిపిస్తే అది ఎండకి పనికిరాదు. బాగా సాగిపోయిన పాత టీషర్ట్ కూడా ఇంతే, సాగిన చోట నేతలో కంతలు పడతాయి.

టోపీల్లో కూడా తేడా ఉంది. ముందు మాత్రమే అంచున్న క్యాప్ ముక్కుని కాపాడి చెవుల్నీ మెడనీ వదిలేస్తుంది, చుట్టూ కనీసం ఏడెనిమిది సెంటీమీటర్ల అంచున్న టోపీయే అసలు టోపీ. చూడ్డానికి అంత బాగుండదు, ఒప్పుకుంటాను.

మరి గుడ్డే అంత గొప్పదైతే క్రీమ్ దేనికంటారా? ముఖానికి చొక్కా తొడగలేం. పైగా క్రీమ్ నిజంగా క్యాన్సర్‌ని తగ్గిస్తుందని చూపించిన గట్టి పరీక్ష ఉంది. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో నాంబోర్ అనే ఊళ్లో 1992లో 1,621 మందితో మొదలైంది. సగం మందిని రోజూ పొద్దున్నే తలకి, మెడకి, చేతులకి సన్‌స్క్రీన్ రాయమన్నారు, మిగతా సగాన్ని మీ ఇష్టం వచ్చినట్టు చేసుకోమన్నారు. నాలుగున్నరేళ్లకి రోజూ రాసినవాళ్లలో స్క్వామస్ సెల్ క్యాన్సర్ అనే ఒక రకం చర్మ క్యాన్సర్ గడ్డలు దాదాపు 40 శాతం తక్కువ. బేసల్ సెల్ అనే ఇంకో రకంలో పెద్ద తేడా లేదు. పరీక్ష అయిపోయాక మరో పదేళ్లు గమనిస్తే, చర్మ క్యాన్సర్లలో అన్నిటికన్నా ప్రమాదకరమైన మెలనోమా రోజూ రాసిన జట్టులో 11 మందికి, రెండో జట్టులో 22 మందికి వచ్చింది. వాళ్లకిచ్చిన క్రీమ్ ఎస్‌పీఎఫ్ 16 అంతే! ఇప్పుడు మనం షాపులో ముక్కు ముడిచి పక్కన పెట్టేసే అంకె అది.

అందుకని 30 మేలా 50 మేలా అనే వాదనలో నేను ఎక్కువసేపు నిలబడను. యూవీలో యూవీఏ, యూవీబీ అని రెండు రకాలు నేలకి చేరతాయి. లెక్క ప్రకారం ఎస్‌పీఎఫ్ 15 రకం సుమారు 93 శాతం యూవీబీని ఆపుతుంది, 30 రకం 97, 50 రకం 98. చూస్తే ఒక్క శాతమే తేడా. కానీ మనం ఎలాగూ తక్కువ రాస్తాం కాబట్టి 50 కొనుక్కుంటే ఆ పొరపాటుకి కాస్త వెసులుబాటు ఉంటుంది. అంతకన్నా ముఖ్యం డబ్బా మీద బ్రాడ్ స్పెక్ట్రమ్ అని ఉండటం, అంటే రెండు రకాల కిరణాల్నీ ఆపేదన్నమాట. ఎస్‌పీఎఫ్ ప్రధానంగా యూవీబీ లెక్క, అంటే చర్మాన్ని కమిలేలా చేసే కిరణాలది. నేలకి చేరే యూవీలో 95 శాతం దాకా యూవీఏనే, అది ఇంకా లోతుకి దిగి ముడతలు, మచ్చలు తెస్తుంది, క్యాన్సర్‌లో దానికీ వాటా ఉంది.

కిటికీ అద్దం యూవీబీని చాలావరకు ఆపుతుంది, యూవీఏని బాగా వదిలేస్తుంది. 2012లో ఒక వైద్య పత్రికలో వచ్చిన ఫొటో ఒకటి నాకు మర్చిపోవడం కష్టం. 69 ఏళ్ల మనిషి, 28 ఏళ్లు డెలివరీ ట్రక్కు నడిపాడు. ముఖంలో కిటికీ వైపున్న సగం చర్మం దళసరిగా, లోతైన ముడతలతో వేలాడుతోంది, రెండో సగం చూస్తే పదిహేను, ఇరవై ఏళ్లు చిన్నవాడిలా ఉన్నాడు. ఒకే ముఖం, ఒకే వయసు. కారు ముందు అద్దం పొరలతో చేసింది కాబట్టి యూవీఏని కూడా చాలావరకు ఆపుతుంది, పక్క అద్దాలు అన్నీ అలా ఉండవు. కాబట్టి రోజంతా కిటికీ పక్కన పనిచేసేవాళ్లకి "నేను బయటికే వెళ్లను" అనేది చెల్లదు.

జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉండే మినరల్ రకమా, కెమికల్ రకమా అన్నది ఇంకో పెద్ద రగడ. మినరల్ రకం అద్దంలా కిరణాల్ని వెనక్కి కొడుతుందనీ కెమికల్ రకం పీల్చుకుంటుందనీ చెబుతారు, నిజానికి మినరల్ కూడా చాలావరకు పీల్చుకునే రకమే. కొన్ని కెమికల్ పదార్థాలు రక్తంలోకి చేరుతున్నాయని 2019లో తేలింది. చేరడం వేరు, హాని చేయడం వేరు, అందుకే అమెరికా ఔషధ సంస్థ వాటి మీద ఇంకా సమాచారం తెమ్మంది కానీ మానేయమనలేదు. నా ఉద్దేశం ఇది: చర్మం తొందరగా మండేవాళ్లకి, కళ్ల చుట్టూ రాయడానికి మినరల్. ముఖం బూడిద పూసినట్టు కనిపిస్తుందని రాయడమే మానేసే చామనచాయ వాళ్లకి కెమికల్, లేదా రంగు కలిపిన టింటెడ్ మినరల్. మంగు మచ్చలున్నవాళ్లకి టింటెడ్ రకమే ఎక్కువ పనికొస్తుంది, అందులోని ఐరన్ ఆక్సైడ్ కంటికి కనిపించే వెలుతురుని కూడా ఆపుతుంది, ఆ వెలుతురు కూడా మంగుని పెంచేదే. స్ప్రే గురించి ఒక్క మాట, గాలికి సగం పోతుంది. ఆరు నెలల్లోపు పసిపిల్లలకి ఏ క్రీమూ వద్దు, వాళ్లకి నీడ, గుడ్డ, అంతే.

ఎండ ఎప్పుడు ఎక్కువో వేడిని బట్టి చెప్పకూడదు. చల్లగాలి వీస్తున్నంత మాత్రాన యూవీ తగ్గదు, మబ్బు పల్చగా పట్టినా అందులో 80 శాతం దాకా మన మీదికి వచ్చేస్తుంది, ఎత్తుకి వెళ్లేకొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకీ సుమారు 10 శాతం పెరుగుతుంది. ఫోన్‌లో వాతావరణం చూపించే చోట యూవీ ఇండెక్స్ (యూవీ ఎంత తీవ్రంగా ఉందో చెప్పే అంకె) ఉంటుంది, 3 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే జాగ్రత్త పడాలి. ఫోన్ లేకపోతే మీ నీడ చూసుకోండి, మీకన్నా పొట్టిగా ఉంటే టైమ్ బాగాలేదని అర్థం.

ఇక అందరూ అడిగేది: ముదురు రంగు చర్మానికి ఇదంతా అవసరమా? చర్మానికి రంగునిచ్చే మెలనిన్ నిజంగానే పెద్ద రక్షణ, తెల్ల చర్మంతో పోలిస్తే ముదురు చర్మానికి చర్మ క్యాన్సర్ చాలా తక్కువ. కాబట్టి చామనచాయ వాళ్లకి క్రీమ్ ముఖ్యంగా మచ్చలకీ ముడతలకీ పనికొస్తుందనడమే నిజాయితీ. ఆల్బినిజం (పుట్టుకతోనే మెలనిన్ లేకపోవడం లేదా బాగా తక్కువ ఉండటం) ఉన్నవాళ్లకి, అవయవ మార్పిడి తర్వాత రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లకి ఈ మాట వర్తించదు, వాళ్లకి గుడ్డ, క్రీమ్, నీడ మూడూ కావాల్సిందే.

ముదురు చర్మంలో మెలనోమా వస్తే తరచూ అరికాలిలో, అరచేతిలో, గోటి కింద వస్తుంది. దానికి ఎండతో పెద్దగా సంబంధం లేదు, కాబట్టి ఏ క్రీమూ ఏ చొక్కా దాన్ని ఆపలేదు. జమైకా గాయకుడు బాబ్ మార్లేకి 1977లో కాలి వేలి మీద బయటపడింది ఇదే, 1981లో 36 ఏళ్లకి పోయాడు. ఇక్కడ పనికొచ్చేది చూసుకోవడం ఒక్కటే. పుట్టుమచ్చ రెండు సగాలూ ఒకేలా లేకపోయినా, అంచు చెదిరినట్టున్నా, రెండు మూడు రంగులు కనిపించినా, 6 మిల్లీమీటర్లు దాటినా, కొన్నాళ్లుగా మారుతున్నా అనుమానించాలి. గోటి మీద నల్లటి చార వెడల్పవుతుంటే కూడా అంతే, దెబ్బ తగిలిందేమోలే అని వదిలేయకండి. ఎక్కడైనా పుండు మూడు నాలుగు వారాలైనా మానకపోతే చేయాల్సింది చర్మ డాక్టర్‌కి చూపించడం, క్రీమ్ మార్చడం కాదు.