వంతెన స్టడ్‌లు: జింకు పూతవా, స్టెయిన్‌లెస్‌వా?

వంతెనను మోసే ఉక్కు దూలం (గర్డర్) మీద కాంక్రీటు శ్లాబు ఊరికే కూర్చుంటే చాలదు. లారీలు వెళ్తుంటే ఒకదాని మీద ఒకటి జారకుండా రెండూ కలిసి వంగాలి. ఆ పట్టు ఇచ్చేవి గర్డర్ పై అంచుకు వెల్డ్ చేసే స్టడ్‌లు, అంటే వెడల్పు తల ఉన్న పొట్టి ఉక్కు కడ్డీలు. లావు మామూలుగా 19 లేదా 22 మి.మీ.

జింకు పూతది చవక బేరం. గీత పడినా జింకు తాను తరిగిపోతూ లోపలి ఉక్కును కాపాడుతుంది. చిక్కంతా వెల్డింగ్‌లోనే. జింకు సుమారు 420 డిగ్రీలకే కరుగుతుంది, 907 దగ్గర ఆవిరవుతుంది. పొగకు తోడు వెల్డ్‌లో బుడగలు. అందుకని వెల్డ్ పడే చోట, స్టడ్ అడుగున, పూత గీకేయాలి. అంటే రక్షణ ఎక్కడ కావాలో అక్కడే లేకుండా పోతుంది! పగుళ్లలోంచి దిగిన ఉప్పునీరు చేరేదీ అక్కడికే.

స్టెయిన్‌లెస్‌కు పూతతో పని లేదు. అందులోని క్రోమియం పైన పలుచని పొర కడుతుంది, గీత పడితే తనే మళ్లీ కట్టుకుంటుంది. ధర మాత్రం చాలా ఎక్కువ. పైగా మామూలు ఉక్కుకు అతికిస్తే తడిలో ఆ ఉక్కు వైపే తుప్పు ముదరవచ్చు. చుట్టూ పెయింటింగ్ గట్టిగా ఉండాలి. వెల్డ్ పెళుసుబారిందేమో ముందే కొన్ని స్టడ్‌లను సుత్తితో వంచి చూడటం తప్పనిసరి.

సముద్రం మీదైతే నా ఓటు స్టెయిన్‌లెస్‌కే. 2025లో ప్రారంభమైన రామేశ్వరం దగ్గరి కొత్త పాంబన్ వంతెనలో కాంక్రీటు లోపలి చువ్వలు స్టెయిన్‌లెస్‌వే. ఉప్పుగాలి తగలని లోపలి జిల్లాల్లో అయితే రెండూ అక్కర్లేదు. మామూలు స్టడ్, చిక్కటి కాంక్రీటు, శ్లాబు మీద నీరు దిగని పొర చాలు.