ఇంటి పర్మిషన్ చేయించే ఆఫీసు: 5కి 4 ఇస్తాను, ఆ ఒక్కటీ ఎందుకు పోయిందంటే

మా మున్సిపాలిటీ ఎదురు సందులో ఉంటుంది ఈ ప్లాన్లు గీసే ఆఫీసు. పేరు రాయడం లేదు, కింద ఒక కంప్లయింట్ కూడా ఉంది కాబట్టి. పాత పెంకుటిల్లు పడగొట్టి అదే జాగాలో కింద ఒక పోర్షన్, పైన ఒక పోర్షన్ వేసుకుందామని వెళ్లాం.

తెలంగాణలో ఇప్పుడు పర్మిషన్ కాగితం తెచ్చుకోవడం పెద్ద కష్టమేం కాదు. 2020లో టీఎస్ బీపాస్ అనే ఆన్‌లైన్ పర్మిషన్ పద్ధతి వచ్చినప్పటి నుంచి 75 గజాల లోపు జాగాలో జీ ప్లస్ వన్ (కింద ఒకటి, పైన ఒక అంతస్తు) అయితే రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు. 600 గజాల లోపు, 10 మీటర్ల ఎత్తు లోపు అయితే అన్నీ రూల్ ప్రకారమే ఉన్నాయని మనమే రాసిచ్చి ఫీజు కడితే పర్మిషన్ వెంటనే వచ్చేస్తుంది. కాకపోతే రాసిచ్చేది మనం. తర్వాత మున్సిపాలిటీ వాళ్లు వచ్చి చూస్తారు, చెప్పింది అబద్ధమని తేలితే పర్మిషన్ రద్దు చేస్తారు, రూల్ తప్పి కట్టింది నోటీసు కూడా ఇవ్వకుండా కూల్చే అధికారం ఆ చట్టంలోనే ఉంది. అందుకే ఎంత తొందరగా తెచ్చిపెడతారని కాదు, జాగాకొచ్చి కొలుస్తారా లేదా అని అడగాలి.

వీళ్లు వచ్చి కొలిచారు. అంతకుముందు అడిగిన ఇంకో ఆయనైతే కుర్చీలోంచి లేవకుండానే "రోడ్డు 30 అడుగులని చూపించేద్దాం సార్, ఎవరు కొలుస్తారు" అన్నాడు. రేటు కూడా తక్కువే. దండం పెట్టి వచ్చేశాం.

మా ముందున్న రోడ్డు 20 అడుగులే. పాత బస్తీల్లో ఇలాంటి రోడ్డు మీద కొత్తగా కట్టాలంటే రోడ్డు మధ్య నుంచి 15 అడుగులు వదలాలి, అంటే మా గోడ దగ్గర్నుంచి ఇంకో 5 అడుగులు రోడ్డుకే పోతుంది. అక్కడి నుంచి మళ్లీ సెట్‌బ్యాక్, అంటే ఇంటి చుట్టూ ఖాళీగా వదలాల్సిన జాగా, మా సైజు ప్లాటుకు ముందు మీటరున్నర, మిగతా మూడు వైపులా మీటరు. వీళ్ల కుర్రాడు టేపు లాగి, ఇటుక ముక్కతో నేల మీద గీత గీసి చూపించాడు. గీత సరిగ్గా మా ముందుగది మధ్యలోంచి పోయింది! అమ్మ ఆ గీత ఇవతలికొచ్చి నిలబడి "మరి బండ్లెక్కడ పెడతార్రా" అంది. దస్తావేజులో 180 గజాలు, నేల మీద తేలింది 174. తక్కువున్న లెక్కకే ప్లాన్ గీస్తామని అప్పుడే చెప్పేశారు, నాన్నకు నచ్చలేదు కానీ నాకు నచ్చింది.

ఇంకో మంచి మాట. మేం ముందు రిపేరుతో సరిపెడదామా అని ఊగిసలాడుతున్నప్పుడు, ప్లాస్టరింగ్, ఫ్లోరింగ్, రంగులకు పర్మిషన్ అక్కర్లేదు, మా దగ్గరికే రానవసరం లేదు అన్నారు. పైన అంతస్తు వేసినా, ఇల్లు పెంచినా మాత్రం కావాల్సిందే. వచ్చిన బేరాన్ని అలా వదులుకునేవాళ్లు ఎంతమంది ఉంటారు?

ఇక స్టార్ పోయిన సంగతి. అప్లికేషన్‌లో మా నంబర్ బదులు వాళ్ల ఆఫీసు నంబర్ పెట్టారు. ఓటీపీలు, మెసేజ్‌లు అన్నీ వాళ్లకే పోతాయి. ఫలానా లింక్ డాక్యుమెంట్ (జాగా పాత దస్తావేజు) సరిగ్గా కనిపించడం లేదని వచ్చిన మెసేజ్ వాళ్ల ఫోన్‌లోనే పడి ఉంది, మేమేమో ఇంట్లో టెన్షన్ పడుతూ కూర్చున్నాం. గట్టిగా అడిగితే మార్చారు, కానీ అడిగేదాకా ఎందుకు? మీరు వెళ్తే మొదటి రోజే మీ నంబరే పెట్టమనండి. ఇల్లు పూర్తయ్యాక, ప్లాన్ ప్రకారమే కట్టారు, ఇక ఉండొచ్చు అని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌కు కూడా ఇదే లాగిన్ కావాలి, ఆ సర్టిఫికెట్ లేకుండా కరెంటు, నీళ్ల కనెక్షన్లు ఇవ్వొద్దని 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

డబ్బుల విషయంలో, డ్రాయింగ్‌కు ఒకటి, స్ట్రక్చరల్ ఇంజనీర్ సంతకానికి ఒకటి, అప్‌లోడ్‌కు ఇంకొకటి అని విడివిడిగా చెప్తారు, మొత్తం ఎంతో కాగితం మీద రాయించుకోండి. మున్సిపాలిటీకి కట్టే ఫీజు దీంట్లో కలవదు. వాస్తు మార్పులు రెండుసార్ల దాకా ఫ్రీ. మా మామయ్య చెప్పాడని మూడోసారి వంటగది జరిపించినందుకు ఎక్స్‌ట్రా వేశారు, ఆ బిల్లు మామయ్యకే పంపాను.